పాత ఫొటోలో నల్లచీర

ప్రశ్న: మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒక చిన్న నలుపు తెలుపు ఫొటో దొరికింది. రెండుంబావు అంగుళాల వెడల్పు, మూడుంబావు అంగుళాల ఎత్తు. అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. ఆరుబయట, రాతి తోరణం ముందు, జుట్టు విరబోసుకుని ఒక శివసత్తి (శివుడికి అంకితమైన భక్తురాలు) నిలబడి ఉంది. మా నాయనమ్మకు మేనత్త అవుతుందట. చీర నల్లగా ఉంది, బొట్టు మరీ నల్లగా ఉంది. శివసత్తి నల్లచీర కట్టడం ఏమిటి? ఫొటో ఎప్పటిది? ఫోనులో రంగులు వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: రంగులు వేయించకండమ్మా. ఫోను ఆ చీరకు తోచిన రంగేదో పూస్తుంది, రేపు మీ పిల్లలు అదే నిజమనుకుంటారు.

అది నల్లచీర కాకపోవచ్చు. డబ్బా కెమెరాల కాలంలో చాలా ఫిల్ములకు ఎరుపు అందేది కాదు. వాటిని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములంటారు. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగించుకుని మరీ వాటిని కడిగేవాళ్లం, పాడయ్యేవి కావు. అలాంటి ఫిల్ము మీద కుంకుమ కాటుకలా పడుతుంది. పసుపు పూసిన ముఖం చామనఛాయకు తిరుగుతుంది. వరంగల్ దగ్గరి ఐనవోలు మల్లన్న జాతరలో శివసత్తులను చూసినవారికి వాళ్లు కట్టే ఎర్రచీరలు, పసుపుచీరలు తెలుసు. బొట్టు అంత నల్లగా ఉందంటే చీర ఎర్రదేనని నా నమ్మకం. ఆకాశం కూడా చూడండి. నీలం జాడ లేకుండా తెల్లకాగితంలా ఉంటే నా మాటకు బలం.

ఇక కాలం. మీరు చెప్పిన కొలత 120 ఫిల్ము నెగటివ్ కొలతే. రోలుకు ఎనిమిది బొమ్మలు వచ్చేవి. నెగటివ్‌ను కాగితానికి ఆనించి, పెద్దది చేయకుండా అలాగే ముద్రించారన్నమాట. ఆ కెమెరాలకు ఎండ కావాలి, అందుకే ఆరుబయట నిలబెట్టారు. కొడాక్ వెరిక్రోమ్ ఫిల్ము 1956లో ఎరుపును కూడా పట్టే రకానికి మారింది. మీది అంతకుముందుది కావచ్చు, అయితే ఇదొక్కటే పట్టుకుని తేల్చకండి. నకిలీ నోట్లు పట్టే ఊదారంగు లైటు కింద ఫొటో వెనకవైపు పెట్టి చూడండి. కాగితం నీలితెలుపుగా వెలిగితే 1950ల నాటిదో, ఆ తర్వాతదో. తెలుపు తేలడానికి కాగితంలో ఇలా వెలిగే మందు కలపడం దాదాపు అప్పుడే మొదలైంది. వెలగకపోతే మాత్రం ఏదీ చెప్పలేం.

తోరణం చూసి వరంగల్ కోట అనేయకండి. కాకతీయుల తోరణాలు ఐనవోలు మల్లన్న గుడి దగ్గరా ఉన్నాయి. కోటలో నాలుగు తోరణాలున్నది శిథిలమైన శివాలయం చుట్టూ; శివసత్తులు చేరేది మల్లన్న సన్నిధికి. ఫొటో నకలు పట్టుకుని ఒకసారి ఐనవోలు వెళ్లి, తోరణం పక్కన పెట్టి పోల్చి చూడండి. రాతిలో విరిగిన చోటు ఒక్కటి కలిసినా చాలు.

నల్లని భాగాల్లో అంచుల దగ్గర వెండిపూతలా మెరుస్తుంటే గుడ్డతో తుడవకండి. అది బొమ్మలోని వెండే పైకి తేలడం, తుడిస్తే బొమ్మే పోతుంది. జిగురు ఆల్బంలో అంటించకండి. స్కాన్ చేయించాక మంచి కాగితపు కవరులో ఉంచండి. ఆమె పేరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే ఇప్పుడే అడిగి, వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో తేలికగా రాయండి. బాల్‌పెన్నుతో వద్దు, ఆ నొక్కు ముఖం మీదికి తేలుతుంది.