వీడియోలు ఉచితమే, దిద్దిపెట్టడానికి ఫీజు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బీకాం చివరి సంవత్సరం. తెలుగువాళ్లకు ఒడియా నేర్పే వీడియోలు రెండేళ్లుగా యూట్యూబ్‌లో పెడుతున్నాను. 9 వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. రాత్రి పదకొండు దాకా వాట్సాప్‌లో "అక్కా, ఈ అర్జీ దిద్దవా", "నా వాయిస్ విని తప్పులు చెప్పవా" అని అడుగుతూనే ఉంటారు. డబ్బులు అడిగితే చదువు అమ్ముకుంటోంది అంటారేమోనని టెన్షన్. అమ్మేమో ఇదంతా వదిలేసి బ్యాంకు పరీక్షలకు చదవమంటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం చదువుతూ ఆ వాట్సాప్ మెసేజ్‌ల దగ్గర ఆగిపోయాను. నీ సంపాదన దారి అక్కడే ఉంది.

వీడియో ఒకసారి చేస్తే వెయ్యి మంది చూస్తారు, అందులో నీకు కొత్తగా పోయేదేమీ లేదు. ఒకరి అర్జీ దిద్దాలంటే మాత్రం నీ అరగంట పోతుంది, ఆ అరగంట మళ్లీ రాదు. కాబట్టి వీడియోలన్నీ ఉచితంగానే ఉండనీ. నీ సమయానికి ఫీజు పెట్టు. మీ వీధిలో ట్యూషన్ మాస్టారికి నెల తిరగ్గానే ఫీజు ఇచ్చేవాళ్లు ఆయన చదువు అమ్ముకుంటున్నాడని అనరు కదా.

నీ దగ్గర నేర్చుకోవాల్సిన అవసరం కూడా నిజమైనదే. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. ఆంధ్రాలోని పాతపట్నం వైపు తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలు అక్కడే చిక్కుకుంటారు. "తుమే" అంటే మన "మీరు" అనుకుని ఆఫీసరుతో అలాగే మాట్లాడేస్తారు, అక్కడ "ఆపణ" అనాలని తెలియదు. "కమళ" (కమలం) అని రాసి ఉంటే మనలాగే చదువుతారు, ఒడియా నోట అది "కొమొళొ" అవుతుంది. ఇవి వీడియో చూస్తే తెలుస్తాయి కానీ నోటికి అలవాటు కావు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని దిద్దాలి. ఆ దిద్దడమే నువ్వు అమ్మగలిగింది.

మొదటే పెద్ద రికార్డెడ్ కోర్సు జోలికి వెళ్లకు. నా దగ్గరకు వచ్చిన ఒక రాయగడ కుర్రాడు నాలుగు నెలలు కూర్చుని ఎక్సెల్ కోర్సు రికార్డు చేశాడు, కొన్నది ముగ్గురు. ముందు అడిగి ఉంటే వాళ్లకు కావలసింది బిల్లుల లెక్క ఒక్కటేనని తెలిసేది. నువ్వు 12 మందితో ఒక బ్యాచ్ పెట్టు. ఆరు వారాలు, వారానికి రెండు లైవ్ క్లాసులు, ప్రతి ఒక్కరి రాత దిద్దడం. మనిషికి 900 రూపాయలైతే 10,800 అవుతుంది. మొదటి క్లాసు నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తానని ముందే చెప్పు. కట్టలేని పిల్లలకు అదనంగా రెండు సీట్లు నువ్వే పక్కన పెట్టు, అప్పుడు బేరాలు ఆడేవాళ్లకు తగ్గించాల్సిన పని ఉండదు. పాస్ గ్యారంటీ అని మాత్రం ఎక్కడా రాయకు.

యాడ్స్ డబ్బు మీద ఆధారపడకు. పూర్తి యాడ్స్ ఆదాయానికి యూట్యూబ్ 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ అడుగుతుంది (షార్ట్స్‌కు లెక్క వేరు). పెద్ద వీడియోల యాడ్స్‌లో నీకు వచ్చేది 55 శాతం. వస్తే వేణ్ణీళ్లకు చన్నీళ్లు. జీఎస్టీ గురించి ఇప్పుడే కంగారు వద్దు, సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే సాధారణంగా రిజిస్ట్రేషన్. ఎవరు ఎంత కట్టారో మాత్రం మొదటి రోజు నుంచే నోటుపుస్తకంలో రాసుకో. పాఠ్యపుస్తకాల పేజీలు స్కాన్ చేసి నోట్సుగా అమ్మొద్దు. వాక్యాలు నీవే రాయి.

రాత్రి మెసేజ్‌లకు ఇలా జవాబివ్వు: "తమ్ముడూ, ఇది ఫలానా వీడియోలో చెప్పాను, లింక్ పంపుతున్నా. నీ పేపర్ దిద్దాలంటే 100 రూపాయలు, రెండు రోజుల్లో ఇస్తాను." కొందరికి కోపం వస్తుంది. రానీ.

అమ్మ మాట కొట్టిపారేయకు. డిగ్రీ పూర్తి చెయ్యి, బ్యాంకు పరీక్షలూ రాయి. వారానికి రెండు సాయంత్రాలు అడుగు, మొదటి బ్యాచ్ ఫీజు తెచ్చి ఆమె చేతిలో పెట్టు. గిరిజనుల సవర భాష నేర్చుకుని సవర పిల్లలకు బడులు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసుకుంటూ పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే.

ఈ రెండు నెలల వాట్సాప్ వెనక్కి జరిపి చూసి, ఎక్కువసార్లు అడిగిన ఇరవై మంది పేర్లు రాసుకో. ఆదివారం లోపు వాళ్లకు బ్యాచ్ సంగతి మెసేజ్ పెట్టు, ఫీజు ఎంతో మొదటి వాక్యంలోనే రాయి.