నీ వ్యాసంలో పోసిల్‌త్వెయిట్ ఎక్కడ?

అమ్మాయీ,

ఇంగ్లిష్ నటుడు పీట్ పోసిల్‌త్వెయిట్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ ఇంటిపేరు పలకడానికే నాకు నాలుగు ప్రయత్నాలు పట్టాయి. మార్చుకోమని చెప్పినవాళ్లు ఉన్నారు, ఆయన వినలేదు. ఆ మొండితనం నీ వ్యాసంలో లేదు. 1946లో వారింగ్టన్‌లో పుట్టాడు, 2011 జనవరి 2న పోయాడు, మధ్యలో ఇరవై మూడు సినిమాల పేర్లు. లెక్కపెట్టాను.

కోప్పడుతున్నాననుకోకు, ఈ పని నేనూ చేశాను. ఒక రంగస్థల నటుడు పోయినప్పుడు నివాళి రాస్తూ ఆయన కట్టిన వేషాలన్నీ ఏకరువు పెట్టాను. ఆయనతో ముప్పై ఏళ్లు నాటకాలాడిన పెద్దాయన చదివి, "అన్నీ ఉన్నాయి, ఆయనే కనపడలేదు" అన్నాడు. ఆ కత్తిరింపు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ప్రపంచంలోకెల్లా గొప్ప నటుడని హాలీవుడ్ దర్శకుడు స్పీల్‌బర్గ్ మెచ్చుకోవడంతో మొదలుపెట్టావు. అందరూ మొదలుపెట్టేది అక్కడే. మరి దాని మీద పీటే వేసిన చెణుకును ఎందుకు వదిలేశావు? తానే అందరికంటే గొప్ప నటుణ్నని పీట్ అనుకుంటాడని స్పీల్‌బర్గ్ అంటే, జనం దాన్ని తప్పుగా విన్నారని నవ్వేవాడు. నీ మొదటి పేరా మొత్తం కంటే మనిషి అందులో ఎక్కువ తెలుస్తాడు.

'ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్' ఆస్కార్ నామినేషన్ తెచ్చిందని ఒక్క ముక్క రాసి దాటేశావు. ఆగాల్సింది అక్కడే. 1974లో ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో జరిగిన బాంబు పేలుళ్ల తరువాత చేయని నేరానికి శిక్షపడి, 1980లో ఖైదీగానే కన్నుమూసిన జుసెప్పె కాన్లన్ వేషం అది. కొడుకు వేషం వేసిన డానియెల్ డే-లూయిస్ పీట్ కంటే 11 ఏళ్లే చిన్న. తెరమీద ఆ లెక్క మనకు గుర్తుకే రాదు. ఎందుకు రాదో చూసి రాయి. జైలుగదిలో కొడుకు చిన్ననాటి ఫుట్‌బాల్ పతకం నాటి కోపం కూడా వెళ్లగక్కుతుంటే ఆయన ఏం చేస్తాడో, చేతులెక్కడ పెట్టుకుంటాడో, ఎటు చూస్తాడో చూడు. శబ్దం తీసేసి ఒకసారి చూడు.

'ఇన్సెప్షన్'లో మరణశయ్య మీది తండ్రి వేషం కొద్ది నిమిషాలే. అది విడుదలై ఆరు నెలలు తిరగకుండానే క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. ఈ రెంటినీ ముడిపెట్టి కన్నీళ్లు పెట్టించాలనిపిస్తుంది. పెట్టించకు. నటనలోకి రాకముందు టీచరుగా పనిచేశాడన్నది మాత్రం రాయి. కుర్రతనంలో ఆడిన లివర్‌పూల్ ఎవ్రీమాన్ థియేటర్‌కే 2008లో, 62 ఏళ్ల వయసులో, షేక్‌స్పియర్ నాటకంలోని లియర్ రాజుగా తిరిగి వచ్చాడన్నది కూడా. వ్యాసం అక్కడ ముగించినా నాకు అభ్యంతరం లేదు.

తిరగరాసి పంపు. నాలుగో సినిమా పేరు కనపడితే చదవడం ఆపేస్తాను. సంక్రాంతికి వస్తున్నావుగా, అప్పటికి చేతికందితే చాలు. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు