ఏసీలో గ్యాస్ దానంతటది అయిపోదు, గడువు మాత్రం అయిపోతుంది

ప్రశ్న: మంచాన పడ్డ మా అమ్మ కోసం 2023 ఏప్రిల్ 16న రాజమండ్రిలో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నాను. సెప్టెంబరు 2న గ్యాస్ లేదని కంపెనీ వాళ్ళు ఉచితంగా పట్టారు. 2024 మార్చి 28న మళ్ళీ అదే పని. జూన్ 9న వచ్చినవాడు ఏడాది వారంటీ అయిపోయింది, పదకొండు వేలు అవుతుందన్నాడు. అడగడానికి వెళితే షాపాయన ‘మీకు ఏసీ వాడటం రాదు’ అని నలుగురిలో తీసిపారేశాడు. నిరుడు మా ఊరి మెకానిక్ మూడు వేలకు గ్యాస్ పడితే నలభై రోజులు కూడా నిలవలేదు. ఉక్కకి అమ్మ పడ్డ నరకం మాటల్లో చెప్పలేను. ఇప్పుడు ఆ మెకానిక్కే కాయిల్ మార్చేస్తాను, పాతది నాకిచ్చెయ్యండి, మొదట్నుంచీ లోపమేనని పాత తేదీతో కాగితం రాసిస్తాను, కేసు వేసుకోండి అంటున్నాడు. జూన్ 9 నాటి జాబ్ కార్డు (వచ్చిన మనిషి చేసిన పని రాసిచ్చే కాగితం) మీద ఇండోర్ కాయిల్ లీకేజీ అని ఏదో రాసి ఉంది. అది బీరువాలో పడి ఉంది. ఆ కంపెనీకి బుద్ధి చెప్పే దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు పనికొచ్చేది చివర ‘ఏదో రాసి ఉంది’ అని తేలిగ్గా వదిలేసిన ఆ ముక్క. షాపాయన మాటలు పక్కన పెట్టండి. లీకు ఎక్కడుంది, ఫిర్యాదు ఏ తేదీలోగా వెయ్యాలి అన్న రెండింటి మీదే ఈ కేసు నిలబడుతుంది.

స్కూటర్లో పెట్రోలులా ఏసీలో గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే, ఆ కారే చోటును బట్టి బాధ్యుడు మారతాడు. గొట్టం మూతి వెడల్పు చేసి నట్టు బిగించే ఫ్లేర్ జాయింటు దగ్గర కారితే అది బిగించినవాడి తప్పు, చట్టం దాన్ని సేవాలోపం అంటుంది. ఔట్‌డోర్ కండెన్సర్లో, అంటే బయటి యూనిట్లోని కాయిల్లో అయితే కంపెనీ వకీలు మొదటి వాయిదాకే సముద్రపు ఉప్పుగాలి అని లేస్తాడు. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఆ వాదనకు కొంత బలం కూడా ఉంటుంది. మీది ఇండోర్ కాయిల్. తలుపులు మూసిన గదిలో, గోడ మీది యూనిట్లో ఉండే రాగి గొట్టాల చుట్ట అది. దానికి చిల్లు పడితే ఉప్పుగాలి కథ అతకదు. గదిలోని ఆవిర్ల వల్ల రాగికి చీమలపుట్ట లాంటి సన్న సొరంగాలు పడతాయన్నది నిజమే. అదే కారణమని వాళ్ళు అంటే నిరూపించుకోవలసింది వాళ్ళే.

‘ఆ లీకు వారంటీ పోయాక వచ్చింది, అంతకు ముందు కారింది వేరేచోట’ అని వాళ్ళు తప్పకుండా అంటారు. మీ దగ్గర జవాబుంది. గ్యాస్ తగ్గినప్పుడు చేయాల్సిన పని, నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ పెట్టి, జాయింట్లకీ కాయిల్‌కీ సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ లేస్తోందో చూడటం. దాన్ని సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని 500 మైక్రాన్ల (మిగిలిన గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా లాగి, ఔట్‌డోర్ ప్లేటు మీద రాసినన్ని గ్రాముల గ్యాస్ కాటా మీద తూచి పట్టాలి. 2023 సెప్టెంబరులో, 2024 మార్చిలో ఇచ్చిన జాబ్ కార్డుల్లో లీకు చోటు గానీ, ప్రెషర్ టెస్టు గానీ, గ్రాములు గానీ రాసి ఉన్నాయేమో చూడండి. ‘గ్యాస్ టాప్ అప్’ అని మాత్రమే ఉంటే, వారంటీలో ఉండగా రెండుసార్లు జబ్బు వెతక్కుండా వెళ్ళిపోయారని వాళ్ళ చేతిరాతే సాక్ష్యం చెబుతుంది.

లో వోల్టేజీ, స్టెబిలైజర్ లేదు అన్న వాదన కూడా వస్తుంది. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగితే మన ఊళ్ళలో వోల్టేజీ పడిపోవడం కొత్తేమీ కాదు. దానివల్ల పీసీబీ (లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) పోవచ్చు, కంప్రెసర్ దెబ్బతినవచ్చు, రాగి గొట్టానికి చిల్లు మాత్రం పడదు. ఆ వలలో పడి స్టెబిలైజర్ బిల్లులు వెతుక్కుంటూ కూర్చోకండి. అలాగే డబ్బా మీద ‘పదేళ్ళ వారంటీ’ ఉందని పొంగిపోకండి. అది సాధారణంగా కంప్రెసర్‌కే; కాయిల్, గ్యాస్, కూలీ అందులోకి వస్తాయో రావో కార్డు చదివి తేల్చుకోండి.

ఇక మీ నిర్లక్ష్యం. ‘సార్, కోడ్ చెప్పండి, కంప్లయింట్ క్లోజ్ చేసుకోవాలి’ అని అడిగిన ప్రతిసారీ గది చల్లబడిందో లేదో చూడకుండానే ఫోన్‌కొచ్చిన అంకెలు చెప్పేసి ఉంటారు. కంపెనీ కంప్యూటర్లో దాని అర్థం ‘వినియోగదారుడు సంతృప్తి చెందాడు’. ఫిల్టరు కడిగి, ఏసీ ఇరవై నిమిషాలు నడిపాక, లోపలికి లాగే గాలికీ బయటికొచ్చే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటేనే కోడ్ చెప్పాలి. రెండోది బిల్లు. అది వేడికి అచ్చయ్యే నున్నటి కాగితమైతే మూడు వేసవులకి తెల్లకాగితమైపోతుంది. ఈ రోజే జిరాక్సు తీయించండి. ఆ బిల్లు మీద ఏదైనా వ్యాపారం జీఎస్టీ నంబరు వేయించుకుని ఉంటే ముందే చెప్పండి. అప్పుడు వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారుడే కాదన్న వాదన మొదలవుతుంది.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన సంగతి, పుట్టిన నాటి నుంచి రెండేళ్ళు. ఉచితంగా చేయమని కంపెనీ మొండిచెయ్యి చూపింది 2024 జూన్ 9న. అంటే 2026 జూన్ 9. తర్వాత మీరు ఎన్ని ఫోన్లు చేసినా, మెయిళ్ళు పెట్టినా, మీ మెకానిక్ నిరుడు గ్యాస్ పట్టినా ఆ లెక్క కొత్తగా మొదలవదు. కంపెనీ వకీలు మార్చి 28 నుంచే లెక్కించాలంటాడు. కాబట్టి ఫిర్యాదుతో పాటే ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు కూడా జతచేయండి. అమ్మగారి అనారోగ్యం ముఖ్యంగా అక్కరకొచ్చేది ఇక్కడే, అదీ ఆ తేదీల ఆసుపత్రి కాగితాలు ఉంటేనే.

మెకానిక్ చెప్పిన దారి తొక్కారో, చేతిలో ఉన్న కేసు పోగొట్టుకున్నట్టే. పాత తేదీ వేసిన కాగితం దొంగ పత్రం. వినియోగదారుల కమిషన్ ముందు జరిగే విచారణను చట్టం న్యాయవిచారణగానే చూస్తుంది. అక్కడ అబద్ధపు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. నిరుడే మొదటిసారి మీ ఏసీ ముట్టుకున్నవాడు 2023 సంగతి ఎలా చెబుతాడని అడ్డుప్రశ్న పడితే, కంపెనీ మనిషి నిజంగా రాసిన మంచి కాగితం కూడా మసకబారిపోతుంది. కాయిల్ విప్పించి అతనికి ఇచ్చెయ్యడం ఇంకా పెద్ద తప్పు. ఆ కాయిలే మీ ప్రధాన సాక్షి. దాన్ని పాత ఇనుము కింద పంపాక కమిషన్ పరీక్షకు ఏం పంపుతుంది?

ఈ వారమే కంపెనీకి, షాపుకి, సర్వీసు సెంటరుకి ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. పదిహేను రోజుల్లో మీ ఎదుట నైట్రోజన్ టెస్టు చేసి, కాయిల్ ఉచితంగా మార్చాలని అడగండి. వస్తే సబ్బు బుడగతో సహా వీడియో తీయండి. ఆ ప్రెషర్ నైట్రోజన్‌తోనే, రెగ్యులేటర్ పెట్టి ఇవ్వాలి. కొందరు వెల్డింగు ఆక్సిజన్ ఎక్కిస్తారు. అది కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది. ఔట్‌డోర్ ప్లేటు మీది సీరియల్ నంబరు ఫోటో తీసి బిల్లుతో సరిపోల్చండి. ఫిర్యాదు నంబర్ల ఎస్సెమ్మెస్‌లు ఉన్న ఫోను మార్చకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అడిగే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, కానీ దానికోసం గడువు ఆగదు.

నోటీసుకి కదలకపోతే మే నెలాఖరు దాటకుండా ఫిర్యాదు వేసెయ్యండి. షాపు రాజమండ్రిలో, కంపెనీ ఇంకో రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటుకి అధికారం ఉన్న జిల్లా కమిషన్లోనే వేయవచ్చు. వస్తువు ధర అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో మీరే ఆన్‌లైన్లో దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. లోపం పరీక్షిస్తేనే గానీ తేలదనుకుంటే కమిషన్ ప్రయోగశాలకు పంపుతుంది. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. మూడు వేసవులు వాడిన ఏసీకి పూర్తి డబ్బు వాపసు ఒక్కటే పట్టుకు కూర్చోకండి. కొత్త కాయిల్, తూచి పట్టిన గ్యాస్, వాటికి తాజా వారంటీ, మీరు పోసిన మూడు వేలు, ఖర్చులు అడగండి. అది కుదరకపోతే ధర వాపసు అని రెండో కోరికగా రాయండి. జూన్ 9 నాటి జాబ్ కార్డు అసలుది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, సర్వీసు సెంటరు వాళ్ళు ‘చూసి ఇస్తాం’ అన్నా సరే.