మునిగేవాడు కేక వెయ్యడు: కథ రాసేవాళ్లకి, ఒడ్డున నిలబడేవాళ్లకి

మీ ప్రశ్న ఇదీ: అప్పుల పాలైన రైతు పెద్ద కాలవలో జారిపడే సన్నివేశం రాశారు. "రక్షించండి" అని అరుస్తూ, చేతులు ఊపుతూ, మూడుసార్లు పైకి తేలి మునిగిపోయాడని రాశారు. చదివినవాళ్లు సినిమాలా ఉందన్నారు. ఏం మార్చాలి?

ముందు ఆ "మూడుసార్లు" కొట్టెయ్యండి. నీళ్లు లెక్కపెట్టవు. ఒక్కసారి కూడా పైకి రానివాళ్లుంటారు, పదిసార్లు వచ్చేవాళ్లూ ఉంటారు.

తర్వాత కేక. నీళ్లలో ఇబ్బంది పడేవాడికీ, మునిగిపోతున్నవాడికీ తేడా ఉంది. ఇబ్బంది పడేవాడు ఇంకా ఊపిరి తీసుకోగలడు, అరుస్తాడు, చెయ్యెత్తుతాడు, తాడు వేస్తే పట్టుకుంటాడు. "మునగానాం తేలానాం" అని మనవాళ్లు ఈ దశనే అంటారు. మునగడం మొదలయ్యాక గొంతుకి ఊపిరి మిగలదు. నోరు నీటి పైకి వచ్చేది క్షణకాలం. ఆ క్షణంలో గాలి వదిలి, గాలి పీల్చుకోవాలి. మాటకి సమయమేదీ? చేతులు రెండు పక్కలా నీటిని కిందికి నొక్కుతుంటాయి, నిచ్చెన ఎక్కుతున్నట్టు. ఒళ్లు నిటారుగా నిలబడిపోతుంది, కాళ్లు ఆడవు. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టం దగ్గర తెరుచుకుని, జుట్టు కళ్ల మీద పడినా తీసుకోడు. ఇది 20 నుంచి 60 సెకన్లు సాగుతుంది, పిల్లల్లో ఇంకా తక్కువ. అమెరికాలో ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డు 1970లలో సముద్రతీరంలో తీసిన ఫిల్ముల్లో దీన్ని గమనించి వివరించాడు.

చెయ్యి ఊపడం గురించి ఇంకో మాట. ఊపిరితిత్తుల నిండా గాలి ఉంటే మనిషి ఒళ్లు నీళ్లలో దాదాపు బరువే ఉండదు, కాస్త తేలుతుంది కూడా. నీటి పైకి ఎత్తిన భాగానికి మాత్రం పూర్తి బరువు వచ్చేస్తుంది. ఒక చెయ్యి పైకెత్తితే ఆ మూడు నాలుగు కిలోలు తల మీద మోసినట్టే, మొహం కిందికి పోతుంది. మీ రైతు చెయ్యెత్తిన ప్రతిసారీ తనను తనే ముంచుకుంటున్నాడన్నమాట. ఈ ఒక్క వివరం వాడుకున్నా సన్నివేశం మారిపోతుంది.

మరి గజేంద్రుడు పద్యాల మీద పద్యాలు చదివాడు కదా అంటారేమో. పోతన అక్కడ తప్పు చెయ్యలేదు. ఏనుగు మునగడం లేదు, పట్టుబడింది. కాలు మొసలి నోట్లో ఉంది, తొండం పైనే ఉంది, ఊపిరికి కొదవ లేదు. కొదవైంది ఒంట్లో సత్తువ. "లావొక్కింతయు లేదు" పద్యంలో వరుస చూడండి: ముందు బలం పోయింది, తర్వాత ధైర్యం, తర్వాత ప్రాణాలు ఠావు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది. ఈతలో అలసిపోయేవాడికీ కండరం చచ్చుబడ్డాకే బెదురు మొదలవుతుంది. దానికన్నా నాకు ఎక్కువ నచ్చేది ముందొచ్చే ఆటవెలది: "జీవనంబు దనకు జీవనంబై యుంట". జీవనమంటే నీరు, జీవనమంటే బతుకు. మొసలికి నీరే బతుకు కనుక అంతకంతకూ బలం పెరుగుతోంది, ఏనుగు బహుళపక్షపు చంద్రుడిలా రోజుకింత తరుగుతోంది. ఇద్దరూ సమానంగా పోరాడుతున్నట్టే కనిపిస్తారు, కానీ ఒకడికి ఆ చోటే తిండి పెడుతోంది. మీ రైతు కథకి కావలసిన కీలకం ఇదే.

అప్పు కూడా అలాగే పనిచేస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి, ఏడాదికి కాదు (పట్నం పాఠకులు పొరబడతారు, ఒక్క ముక్కలో చెప్పెయ్యండి). రెండు లక్షలకి నెలకి 6,000, ఏడాదికి 72,000. అంతా కట్టినా అసలు రెండు లక్షలూ చెక్కు చెదరదు. మూతి నీటి పైన ఉంచుకోవడానికే ఏడాది కష్టమంతా పోతుంది. కాలం గడిచేకొద్దీ అప్పిచ్చినవాడికి బలం, తీసుకున్నవాడికి నీరసం. మొదట్లో మనిషి గొడవ పడతాడు, పదిమందినీ చేబదులు అడుగుతాడు, భార్య మీద విసుక్కుంటాడు. అది ఇబ్బంది దశ, చప్పుడుంటుంది. ఆ తర్వాత ఫోనెత్తడు, రచ్చబండ దగ్గరికి రాడు, ఎవరేమన్నా "సరే" అంటాడు. ఊళ్లో "ఈ మధ్య కుదురుకున్నాడు" అంటారు. నిండా మునిగింది అప్పుడు. కాలవ సన్నివేశానికి ముందు ఈ నిశ్శబ్దం పది పేజీలు నడిపితే, నీళ్లలో మీరు పెద్దగా ఏమీ రాయనక్కర్లేదు. ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: ముగింపు దొరక్క పాత్రను బావిలోకో కాలవలోకో తోసెయ్యడం తెలుగు కథకి పాత జబ్బు. మీరు జారిపడ్డాడని రాశారు, అలాగే ఉంచండి. వీలైతే బయటికి తియ్యండి కూడా.

తియ్యాలంటే కాలవ ఎలాంటిదో తెలియాలి. సిమెంటు లైనింగున్న కాలవలో లోతుకన్నా గట్టే ప్రమాదం. ఏటవాలు గోడ మీద నీటిమట్టం దగ్గర పాచి పడుతుంది, పట్టుకోడానికి గరుకు ఉండదు. ఈత వచ్చినవాడు కూడా గోళ్లతో గీరి గీరి జారిపోతాడు. ఎదురీదడం వృథా. వాలుకి పోతూ మెట్లున్న రేవు కోసమో, వంతెన స్తంభం కోసమో చూడాలి. తూములు, షట్టర్ల వైపు పోకూడదు, నీరు అక్కడ కిందికి లాగుతుంది.

ఒడ్డున ఉన్నవాడు దూకకూడదు. కర్ర అందించాలి, అందకపోతే ఏదైనా విసరాలి. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది, తాడు లేనిచోట అంతకన్నా మంచిది దొరకదు. అయితే నిలబడి విసిరితే లోపలికి లాక్కుపోతాడు, బోర్లా పడుకుని వెయ్యాలి. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల డబ్బా 20 కిలోల దాకా ఆపుతుంది, తల పైన ఉంచడానికి అది చాలా ఎక్కువ. 5 లీటర్ల నూనె క్యానైతే లోపల గుప్పెడు ఇసుక వెయ్యండి, లేకపోతే గాలికి పక్కకి పోతుంది. తప్పనిసరై దిగితే గజ ఈతగాళ్లు ఎదురుగా వెళ్లరు, వెనక నుంచి జుట్టో కాలరో పట్టుకుంటారు. మునిగేవాడు మెడ వాటేసుకుంటే తోసెయ్యాలని చూడకూడదు, తనే కిందికి మునగాలి. వాడికి కావలసింది పైకి రావడం, పట్టు వదిలేస్తాడు.

బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం కథల్లో కనిపిస్తాయి, ఊళ్లలోనూ చేస్తారు. రెండూ చెరుపే. కడుపులోది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోట్లోకి రెండు ఊపిరులు ఊది, ఛాతీ మధ్యన 30 సార్లు, 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో నొక్కాలి. మళ్లీ రెండు ఊపిరులు. మామూలుగా గుండె ఆగిపోయినవాడికి చేసినట్టు ఛాతీ నొక్కి ఊరుకుంటే చాలదు, ఇక్కడ ముందు తగ్గింది గాలే. నోట్లోంచి నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోకుండా ఊదడం సాగించాలి. 108కి ఇంకొకరు ఫోను చెయ్యాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు.

ఇక సన్నివేశం. రైతు కళ్లలోంచి కాకుండా గట్టు మీద గడ్డి కోసేవాడి వైపు నుంచి రాసి చూడండి. అతను తలెత్తితే తల ఒకటి నీటిపైన కనిపిస్తుంది, చప్పుడు లేదు. "ఏం బావా, ఈ వేళప్పుడు స్నానమా?" అని అడుగుతాడు. జవాబు రాదు. ఒడ్డున నిలబడే ఎవరికైనా ఉన్న పరీక్ష ఇదొక్కటే: పలకరించాలి. పలికితే ఊపిరుంది. పలక్కపోతే చేతిలో అరనిమిషం ఉంది, అతను కొడవలి కింద పడేసి తలపాగా విప్పాలి.