చిత్తు చేయడం, పట్టు పట్టడం

సందేహం: మా అబ్బాయి ఇక్కడ ఫ్రీస్టైల్ కుస్తీ నేర్చుకుంటున్నాడు. మొన్న పోటీలో 10 పాయింట్ల తేడాతో గెలిచాడు. ఊళ్లో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేసి ‘అవతలివాణ్ణి చిత్తు చేశాడు’ అన్నాను. ‘కాదమ్మా, పిన్ చెయ్యలేదు’ అంటూ వాడు అడ్డొచ్చాడు. చిత్తు చేయడమంటే ఓడించడమే కదా? ఇంకోటి, వాడు ‘పట్టు’ అంటే తమిళ స్నేహితులు పట్టుచీరా అని నవ్వుతున్నారట.
ఒక పాఠకురాలు, వడపళని, చెన్నై

సమాధానం: కుస్తీ వరకూ మీ అబ్బాయిదే ఒప్పు. చిత్తు మనకు హిందీ ‘చిత్’ నుంచి వచ్చింది. వెల్లకిలా అని దాని అర్థం. నాణెం ఎగరేసి చిత్తా బొత్తా అనేదీ ఈ మాటే. అవతలివాడి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి, రిఫరీకి స్పష్టంగా కనిపించేంతసేపు అదిమి ఉంచితేనే చిత్తు. మీవాడు పిన్ అన్నది దీన్నే. అంతటితో ఆట ముగుస్తుంది, అప్పటిదాకా ఎవరికెన్ని పాయింట్లున్నా సరే. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల ఆధిక్యం వచ్చినా ఆట ఆపేస్తారు గానీ, అక్కడ వీపు నేలకు తగలాలని లేదు. ఎన్నికల్లో ‘చిత్తుగా ఓడిపోయారు’ అంటే నాకు అభ్యంతరం లేదు, అక్కడ మ్యాట్ ఎవరు వేశారు గనక!

పిన్‌కు నాకు నచ్చిన మాట ఇంకొకటి ఉంది: అదిమిపట్టడం. వెనకనుంచి చంక కిందుగా చెయ్యి పోనిచ్చి, మెడ మీద వేసి పొర్లించేది హాఫ్ నెల్సన్. తలనూ మోకాలినీ దగ్గరకు లాగి చేతులు ముడివేసేది క్రేడిల్, నేనైతే ఊయలపట్టు అంటాను. పట్టు ఏదైనా, పొర్లించడంతో పని సగమే అవుతుంది. పైవాడు మోకాళ్లు ఆనించి కూర్చుంటే వాడి బరువు నేల మోస్తుంది. కిందివాడు తలా పాదాలూ ఊతంగా విల్లులా లేచి భుజాలు తప్పించేస్తాడు. అందుకే పైవాడు కాళ్లు వెనక్కి చాపి, ఛాతీ మీద ఛాతీ వేసి బరువంతా దింపాలి. మన మాటలో పట్టడం కన్నా అదమడం ముందుంది, గమనించారా?

ఇక పట్టుచీర గొడవ. మన చుట్టు తమిళంలో ‘సుట్రు’ అయినట్టే, పట్టుకోవడంలోని ఈ పట్టు వాళ్లకు ‘పట్రు’. చీర పట్టు వేరే మాట, దానికి బహువచనమే లేదు. కుస్తీవి మాత్రం ‘పట్లు’. కుస్తీ పట్టుకు తమిళంలో మామూలు మాట ‘పిడి’. మీవాణ్ణి ఉడుంపట్టు అనమనండి. వాళ్లకూ ‘ఉడుంబుప్పిడి’ ఉంది, ఎవరూ చీర అనుకోరు.