చిట్టి ఎత్తి పాత రేసు కారు కొనొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. చెన్నైలో ఒకరి షెడ్డులో 1968 మోడల్ ఫియట్ 1100 ఉంది. షోలవరం రేసుల్లో తిరిగిందట. తుప్పు పట్టింది, ఇంజన్ విప్పి ఉంది. రెండున్నర లక్షలు చెప్తున్నారు. ఐదు లక్షల చిట్టి ఎత్తి కొని, బాగు చేయించి రెండేళ్లలో పది లక్షలకు అమ్ముదామని ఆలోచన. మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

జవాబు: నేను మీ ఆవిడ పక్షమే.

‘తిరిగిందట’ అని రాశారు చూడండి, మీరు డబ్బు పోసేది ఆ ‘అట’కే. షోలవరం అంటే చెన్నై దగ్గర రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త రేసు ట్రాక్ వచ్చేదాకా మద్రాసు రేసులంటే అక్కడే. ఫియట్లు అక్కడ పరుగెత్తిన మాట నిజమే. మీరు చూసిన కారూ పరుగెత్తి ఉండొచ్చు. కానీ పాత ఫోటోలు, పోటీ కాగితాలు లేకపోతే, రేపు మీ దగ్గర కొనేవాడికి అది లోపల ఇనుప పైపులు బిగించిన ఓ పాత ఫియట్, అంతే.

అసలు చిక్కు రిజిస్ట్రేషన్‌లో ఉంది. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ నంబరు పెట్టారు. కొత్తగా తీసుకోవడానికి ఫీజు 20,000. అయితే బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. రేసు కారు అంటేనే మార్పులు! బరువు తగ్గించడానికి రేకు కోస్తారు, ఇంజన్ మారుస్తారు. వాటిని అలాగే ఉంచితే నంబరు రావడం కష్టం. నంబరు కోసం అన్నీ తీసేస్తే, మీరు డబ్బు పెట్టి కొన్న రేసు కథ కాస్తా పోతుంది. పోనీ నంబరు వచ్చినా ఆ కారును ప్రదర్శనకో, ర్యాలీకో తీయాలి తప్ప రోజూ కాలేజీకి వేసుకెళ్లడానికి వీల్లేదు. మామూలు ఆర్సీతో నడుపుదామంటే తమిళనాడు నుంచి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ ట్యాక్సు, ఫిట్‌నెస్... అదో తిరుగుడు.

ఇక ఖర్చు. మన ఆటోనగర్‌లో డెంటింగ్ బాగానే చేస్తారు. మామూలు ఫియట్ పార్టులు వెతికితే దొరుకుతాయి కూడా. రేసు పార్టులు మాత్రం లేత్ మీద చేయించుకోవాల్సిందే, దానికి రేటంటూ ఉండదు. నేను ఓ పాత యెజ్డీ బైకు బాగు చేయించాను. ముప్పై వేలలో అయిపోతుందనుకుంటే ఎనభై దాటింది, అమ్మబోతే నలభై ఐదు అడిగారు. ఇప్పటికీ మా వరండాలోనే ఉంది. మీ కారు పెట్టడానికి పైకప్పున్న చోటు ఉందా? 2023 జులై వానలకు హనుమకొండలో ఎన్ని ఇళ్లలోకి నీళ్లొచ్చాయో మీకు తెలుసు. విప్పిన కారుకు మామూలు ఇన్సూరెన్స్ దొరకడమూ కష్టమే.

చిట్టి సంగతి కూడా చూడండి. ముందే పాడితే తరుగు పోయి చేతికి నాలుగు లక్షల లోపే రావచ్చు. కారుకు, లారీ కిరాయికి పోగా మిగిలేది రిపేర్లకు ఎక్కడ చాలుతుంది? అప్పుడు బంగారం బ్యాంకుకు వెళ్తుంది. కారు కదలకపోయినా చిట్టి వాయిదా మాత్రం నెల నెలా కట్టాలి.

సరదా కోసమే అయితే, పోయినా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేని డబ్బుతో కొనుక్కోండి, నేను కాదనను. చిట్టి మాత్రం ఇప్పుడు పాడకండి. అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్సీ పుస్తకం, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఫోటోలు తెప్పించుకోండి. మూడూ కలిస్తే మళ్లీ రాయండి, అప్పుడు ధర సంగతి మాట్లాడదాం.