కృష్ణా డెల్టా ప్రకృతి ఇచ్చిందా, ఆనకట్ట ఇచ్చిందా?

డెల్టా నేలను ఇచ్చింది నది, ఆ నేల మీద ఏటా నమ్మకంగా పండే వరిని ఇచ్చింది మనిషి కట్టిన ఆనకట్ట. వేల ఏళ్లుగా వరదలు మోసుకొచ్చిన ఒండ్రు సముద్రం అంచున పేరుకుని ఈ భూమి ఏర్పడింది. అయితే నీరు వరదగా ముంచడమో, అసలు రాకపోవడమో జరిగేది కనుక సారవంతమైన నేల ఉన్నా తిండికి భరోసా ఉండేది కాదు. 1833 నాటి గుంటూరు కరువే అందుకు ఉదాహరణ. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక పరిస్థితి మారింది. అది దెబ్బతిన్నాక 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ పనిని అందుకుంది.

కాలువల్లో నీరుంటే డెల్టాకు ఢోకా లేదనుకోవడం చాలామందిలో ఉన్న అపోహ. పంటకు నీరు చాలు, కానీ డెల్టా నిలవడానికి ఒండ్రు కూడా కావాలి. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి పెద్ద జలాశయాలలో నీటి వేగం తగ్గి ఒండ్రు అడుగున దిగిపోతుంది. దిగువకు వచ్చేది చాలా తక్కువ. సముద్రపు అలలు మాత్రం ఎప్పటిలాగే కోస్తున్నందున హంసలదీవి వైపు నదీముఖ తీరంలో కొన్ని భాగాలు వెనక్కి జరుగుతున్నాయి. నింద అంతా విజయవాడ బ్యారేజీ మీద వేయడం మాత్రం సబబు కాదు, ఒండ్రును ప్రధానంగా పట్టి ఉంచేది ఎగువనున్న జలాశయాలే.